హిమ్‌జో పొలోవినా పాట వింటే నిద్రొస్తోంది (తిట్టకండి), పైగా ఆ ఆఖరి చరణం గొడవేంటి?

ముంజకాయ
నేను ఉండేది ఆస్ట్రియాలో, గ్రాజ్. ఆఫీసులో మా పక్క సీటావిడది బోస్నియా, మోస్తార్ ఊరు. మొన్న లంచ్‌లో ఏదో మర్యాదకి "మీ ఊరి పాట ఒకటి వినిపించండి" అన్నా. హిమ్‌జో పొలోవినా అని ఒకాయన పాడిన "ఎమీనా" పెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. నేనేమో అప్పుడే పెరుగన్నం డబ్బా ఖాళీ చేసి ఉన్నా, ఆవలింత ఆగలేదు. నోరు జారి "కాస్త నిద్రొచ్చేలా ఉందండీ" అనేశా. రెండ్రోజులు మాట్లాడలేదు.

సరే తప్పు నాదే అనుకుని ఇంటికొచ్చి అదే పాట ఇంకో ఇద్దరు పాడింది విన్నా. ఒకరిదాంట్లో చివర ఒక చరణం ఉంది, ఇంకొకరిదాంట్లో లేదు. ఆవిణ్ణి అడిగితే "ఆ చరణం లేకపోతే అది ఎమీనానే కాదు" అంది. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన ఇంకో కొలీగ్ ఉన్నాడు, "అసలు పద్యంలో ఆ చరణమే లేదు, పో" అన్నాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరూ మొదలెట్టారు. ఎవరిది రైటు? అసలు ఈయనలో అంత ఏముంది?

లారీడ్రైవర్_కొడుకు
పెరుగన్నం తిని ఎవరి పాట విన్నా నిద్రే బ్రో. గాయకుడి మీద తొయ్యకు.

పాతరేడియో
ఇద్దరిదీ రైటే.

పద్యం రాసింది అలెక్సా షాంతిచ్. మోస్తార్ కవి. 1868లో పుట్టి 1924లో పోయాడు. "ఎమీనా" అచ్చయింది 1902లో. అందులో ఆ చరణం లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే కవీ పోయాడు, ఎమీనా కూడా పోయింది అనే మాటతోనే ఆ చరణం మొదలవుతుంది. తన చావు కబురు తనే ఎలా రాసుకుంటాడు?

ఎమీనా నిజంగా ఉన్న మనిషి. కవి ఇంటి దగ్గర్లో ఉండే ఇమాము గారి అమ్మాయి. కవి సెర్బు ఇంటి క్రైస్తవుడు, అది గుర్తుంచుకోండి. కవి పోయిన చాలా ఏళ్లకి ఆవిడ కూడా ముసలితనంలో కన్నుమూసింది. ఆ సంగతి తెలిసి హిమ్‌జో మోస్తార్‌లో ఉన్న కవయిత్రి సెవ్దా కాతిత్సా ఇంటికి వెళ్లి చెప్పాడు. ఆవిడ మనసు కలతపడి నాలుగు పాదాలు చెప్పింది. ముసలి కవి పోయాడు, ఎమీనా పోయింది, మల్లెల తోట పాడుబడింది, ఇబ్రిక్ పగిలింది, పూలు వాడాయి, పాట మాత్రం పోదు, అని దాని సారాంశం. హిమ్‌జో దాన్ని పాటకి కలిపి పాడాడు. అంతే, ఊరూవాడా అలాగే పాడుకోవడం మొదలెట్టింది.

ఇక ఆయన సంగతి. 1927 మార్చి 11న మోస్తార్‌లోనే పుట్టాడు. సరాయెవోలో డాక్టరీ చదివి న్యూరోసైకియాట్రిస్టు అయ్యాడు. 1950ల మొదట్లో రేడియో సరాయెవో ఆడిషన్ నెగ్గి పాడటం మొదలెట్టాడు. డాక్టరు ఉద్యోగం మాత్రం మానలేదు. అప్పటి యుగోస్లావియాలో యుగోటోన్ అనే రికార్డు కంపెనీ ఉండేది, ఆయన రికార్డులు చాలా దాని లేబుల్ మీదే వచ్చాయి.

లారీడ్రైవర్_కొడుకు
పిచ్చాసుపత్రి డాక్టరా! అయితే మన ముంజకాయకి నిద్ర పట్టిందంటే మందు పనిచేసినట్టే కదా.

గోదారిగట్టు
నేను బెల్‌గ్రేడ్ అతని వైపు. 1902లో అచ్చులో ఉన్న పద్యానికి ఎవరో వచ్చి తోక తగిలిస్తే దాన్ని పాట అని నెత్తిన పెట్టుకోవడం ఏమిటండీ. కవి రాసిన చోట ఆపాలి. మన దగ్గర దీన్ని ప్రక్షిప్తం అంటారు, మెచ్చుకుని కాదు.

వలస_పిట్ట
@గోదారిగట్టు వేమన మకుటం పెట్టి ఎంతమంది ఎన్ని పద్యాలు దూర్చారో లెక్క తీద్దామా మాస్టారూ? అవి మీకు నోటికి రావా?

గోదారిగట్టు
వేమన తన చేత్తో అచ్చువేయించిన పుస్తకం మన దగ్గర లేదు. షాంతిచ్‌ది ఉంది. రెండూ ఒకటెలా అవుతాయి?

చార్మినార్_చాయ్
ఆ పాట మాటలు నిన్న చదివిన. ఏం పాట అన్నా అది! అచ్చం మా పాతబస్తీ పోరగాడు రాసినట్టే ఉంది. హమామ్ నుంచి ఇంటికి వస్తుంటడు. ఇమామ్ సాబ్ తోట పక్క నుంచి పోతుంటే మల్లె నీడల చేతిల ఇబ్రిక్ పట్టుకుని అమ్మాయి నిలబడి ఉంటది. సెలామ్ చేస్తడు, ఆమె ఇనదు. హమామ్, ఇమామ్, సెలామ్. ఇందుల నాకు తర్జుమా అక్కరలేని మాటలు ఎన్ని ఉన్నయో.

ఇంకా ఇనుండ్రి. వాళ్ల వాడను "మహలా" అంటరు, మా మొహల్లా. ప్రేమించెటోణ్ణి "ఆషిక్" అంటరు. పాత పాటలకు వాయించే తీగల వాయిద్యం "సాజ్". తురకల ఏలుబడిల నాలుగు వందల ఏండ్లు ఉన్నరు కద, అట్ల పోయినయి ఈ మాటలు అక్కడికి. ఇక్కడికి ఇంకో తొవ్వల వచ్చినయి.

అన్నిటికంటే పెద్దది "సెవ్దా". బోస్నియా వాళ్ల ఈ పాత ప్రేమ పాటలను సెవ్దాలింక అంటరు కద. ఉర్దూల ప్రేమల పిచ్చోడైనోణ్ణి "సౌదాయి" అంటం. అదే మాట. మా అమ్మకు చెప్తే "సౌదా అంటే కిరాణా సామాన్ కదరా, లిస్టు రాసుకో" అన్నది. అది వేరే సౌదా అమ్మా.

డా_నిద్రలేమి
పైన చార్మినార్ గారు చెప్పినదానికి నా వాటా. ఆ "సెవ్దా" టర్కీ భాష మీదుగా వెళ్లింది, మూలం అరబ్బీ "సవ్దా". నలుపు అని అర్థం. పాత యునానీ వైద్యంలో ఒంట్లో నాలుగు రసాలు అంటారు, వాటిలో నల్లపిత్తం ఇది. అది ఎక్కువైతే దిగులు, ప్రేమ పిచ్చి. "మెలంకలీ" అన్న గ్రీకు మాటకీ అర్థం నల్లపిత్తమే.

ఇప్పుడు మన భాషలో చూడండి. పిత్తం నుంచి పైత్యం. "వీడికి పైత్యం ముదిరింది" అంటాం. అంటే సెవ్దాలింకకి అచ్చమైన తెలుగు పేరు పైత్యగీతం!

నవ్వులాట పక్కన పెడితే, నేనూ హిమ్‌జో చదివిన స్పెషాలిటీలోనే పీజీ చేస్తున్నా. పొద్దున ఓపీలో దిగులు రోగులని చూసి, సాయంత్రం స్టూడియోకి వెళ్లి అదే రోగం పేరు పెట్టుకున్న పాటలు పాడటం అంటే... ఆ మనిషి మీద నాకు ఈర్ష్యగా ఉంది. నేను డ్యూటీ దిగితే నోట మాట రాదు, పాట ఎక్కడ.

ముంజకాయ
పైత్యగీతం అని మా ఆవిడకి చెప్తే

ముంజకాయ
సారీ, "మా ఆఫీసావిడకి" అని టైప్ చేయబోయా. మా ఇంటావిడ కూడా ఈ ఫోరం చూస్తుంది.

లారీడ్రైవర్_కొడుకు
😂 ఇప్పుడు నీకు సెవ్దా అంటే ఏంటో బాగా తెలుస్తుంది బ్రో

సరళీస్వరం
నిద్రొస్తోంది అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను పిల్లలకి సంగీతం చెబుతాను, నాకు తోచింది రాస్తున్నా.

ఈ పాటలు చాలావాటిలో హిజాజ్ మకాం (మకాం అంటే అరబ్బు, టర్కీ సంగీతంలో మన రాగం లాంటిది) పోలికలు ఉంటాయి. మనకి కొత్త కాదు. మాయామాళవగౌళలో స, రి, గ పాడండి. ఆ చిన్న రిషభం నుంచి ఒక్క గెంతులో అంతర గాంధారానికి వెళ్తాం చూడండి, ఆ గెంతే అది. సరళీ వరుసలు నేర్చుకున్న ప్రతి పిల్లా ఆ దారిలో నడిచిందే. కాకపోతే వాళ్లు దానికి తాళం బిగించరు. పాత పద్ధతిలో సాజ్ పట్టుకుని పాడేవాళ్లయితే పాదం చివర ఎంతసేపు ఆగాలో వాళ్ల ఊపిరే చెబుతుంది. 1878లో ఆస్ట్రియా-హంగేరీ ఏలుబడి మొదలయ్యాక అకార్డియన్ వచ్చింది. అది వచ్చాక కాస్త నడక కుదిరింది.

ఇక హిమ్‌జో. ఈయన గొంతు చూపించుకోడు. అదే కాలపు సాఫెత్ ఈసోవిచ్‌ని వినండి, పై స్థాయికి వెళ్లి గమకాలతో గోడలు అదరగొడతాడు. ఆయన పాట పక్క గదిలోంచి విన్నా తెలుస్తుంది. హిమ్‌జో పాట పక్క గదిలోంచి వింటే ఏమీ లేదు. దగ్గర కూర్చోవాలి. మాట ముందు, స్వరం వెనక. నాకు భాష రాదు, అయినా ప్రతి మాటా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వినబడింది. ఫోన్ స్పీకరులో లంచ్ రూములో విన్నారు కదా మీరు, నిద్రే వస్తుంది మరి.

వలస_పిట్ట
సరళీస్వరం అక్క చెప్పినదానికి నా సాక్ష్యం. నేను సెయింట్ లూయిస్‌లో ఉంటా. అమెరికాలో బోస్నియా వాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు ఇదే, 1990ల యుద్ధంలో వచ్చి స్థిరపడ్డారు. బెవో మిల్ అనే పేట వైపు వెళ్తే బోర్డులన్నీ వాళ్ల భాషలోనే ఉండేవి ఒకప్పుడు. అక్కడ ఒక చిన్న హోటల్‌కి వెళ్తుంటా. రాగి జెజ్వాలో (పొడుగు పిడి ఉన్న చిన్న కాఫీ గిన్నె) కాఫీ, పక్కన గిన్నెలో చక్కెర బిళ్లలు, ఒక లోకుమ్ మిఠాయి ముక్క. నడిపేది ముసలాయన.

జనం ఉన్నంతసేపు ఏదో టీవీ మోగుతుంటుంది. మధ్యాహ్నం మూడుకి రద్దీ తగ్గాక టీవీ కట్టేస్తాడు. వంటింట్లోకి వెళ్లి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేస్తాడు. అప్పుడు హిమ్‌జో క్యాసెట్ పెడతాడు. సాఫెత్ పాటలకి ఫ్యాన్ ఆపడు, నేను చూశా. ఒకసారి ఫ్యాన్ ఎందుకు ఆపారు అని అడిగితే నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

పాతరేడియో
ఫ్యాన్ మాట బాగుంది. సాఫెత్ గురించి ఒక ముక్క. 1936లో బిలేచాలో పుట్టాడు, లా చదవడానికి సరాయెవో వచ్చి రేడియోలో తేలాడు. ఒకరు డాక్టరు, ఒకరు లా విద్యార్థి. రేడియో సరాయెవో 1945 ఏప్రిల్‌లో మొదలైతే, ఆ తొలి రోజుల్నుంచే జాయిమ్ ఇమామోవిచ్ అకార్డియన్ పట్టుకుని పాడేవాడు. ఆయన మనవడు దామిర్ ఇమామోవిచ్ ఇప్పటి సెవ్దా గాయకుల్లో పెద్ద పేరు. పాడటంతో ఆగకుండా ఈ పాటల చరిత్ర మీద పుస్తకం కూడా రాశాడు.

లారీడ్రైవర్_కొడుకు
డాక్టర్లు లాయర్లు వద్దు గురూ గారూ. కాస్త సినిమా లాంటి జీవితం ఉన్నవాళ్లు లేరా?

పాతరేడియో
ఉంది. సిల్వానా అర్మెనులిచ్. అసలు పేరు జిల్హా బైరక్తారెవిచ్, బోస్నియాలో దోబోయ్ ఊరు. సిల్వానా అనేది ఇటలీ తార సిల్వానా మాంగానో పేరు చూసి పెట్టుకున్నది, అర్మెనులిచ్ మెట్టినింటి పేరు. 1969లో తోమా జ్ద్రావ్‌కోవిచ్ రాసిచ్చిన "ష్టా చే మి జివోత్" పాటతో దేశమంతా మోగిపోయింది. నువ్వు లేకుండా నాకీ బతుకెందుకు అని పాట. 1976 అక్టోబరు 10 రాత్రి కచేరీ నుంచి తిరిగొస్తుంటే సెర్బియాలో కొలారి దగ్గర కారు ప్రమాదం. ఆమె, చెల్లెలు మిర్యానా, వయొలిన్ విద్వాంసుడు రాదె యాషారెవిచ్, ముగ్గురూ పోయారు. చెల్లెలూ గాయనే.

లారీడ్రైవర్_కొడుకు
అడక్కుండా ఉండాల్సింది.

గోదారిగట్టు
ఆమె పాడింది సెవ్దాలింక కాదు కదా, కొత్తగా కట్టిన జానపదాలు. ఇక్కడ కలపకండి.

పాతరేడియో
సెవ్దాలింకలూ పాడింది మాస్టారూ. మీరు ఏ గీత గీసినా ఆ పక్కన ఒకరు నిలబడే ఉంటారు. ఇంకోటి చెప్తా, కోప్పడకండి. హిమ్‌జో పాడినవాటిలో "అజ్రా" అని ఉంది. నీటి ఫౌంటెన్ పక్కన రోజూ సాయంత్రం సుల్తాను కూతురు తిరుగుతుంటుంది, ఒక బానిస అక్కడే నిలబడి రోజురోజుకీ పాలిపోతుంటాడు. ఏ ఊరు ఏ కులం అని అడిగితే, ప్రేమిస్తే చచ్చిపోయే తెగ మాది అంటాడు. బోస్నియాలో సగంమంది అది తాతల నాటి జానపదం అనుకుంటారు. రాసింది జర్మన్ కవి హైన్రిష్ హైనే. బోస్నియా భాషలోకి తెచ్చింది సాఫ్వెత్‌బెగ్ బాషాగిచ్. అంటే జర్మన్ పద్యం సరాయెవోకి వచ్చి సొంత ఊరు మర్చిపోయింది.

గోదారిగట్టు
బాషాగిచ్ అనువాదం చేశాడు, తోక తగిలించలేదు. పోనీ నా అసలు అభ్యంతరం వినండి. షాంతిచ్ పద్యం పూర్తిగా చదివితే అది ఏడుపు పద్యం కాదు. కొంటె పద్యం. హోజా (ముస్లిం మతగురువు) రాసిచ్చిన తాయెత్తు కూడా ఇక నన్ను కాపాడలేదు అంటాడు కుర్రాడు. ఆమె వెండి ఇబ్రిక్‌లో నీళ్లు ముంచుకుని గులాబీలకి పోయడానికి వెళ్లిపోతుంది. గాలికి జడ ఊడుతుంది, ఆ వాసనకి వీడికి తల తిరుగుతుంది. చివరికి ఒక్కసారి చిరాగ్గా చూసి, వీడు చస్తున్నా పట్టించుకోదు. "ఎంత గడుసుదో చూశారా" అన్నట్టు ముగుస్తుంది. నవ్వు వస్తుంది చదివితే. మీ ఆఖరి చరణం దానిమీద తెల్లగుడ్డ కప్పింది. కుర్రాడి చిలిపితనం పోయి సంతాప సభ అయింది. అది నాకు నచ్చదు.

ఇంకోటి. షాంతిచ్ పోయింది 55 ఏళ్లకి. "ముసలి కవి" ఏమిటి?

చార్మినార్_చాయ్
మాస్టారూ, అంత నచ్చక ఇంత బాగ ఎట్ల చెప్పిండ్రు?

సరళీస్వరం
గోదారిగట్టు గారి మాటలో బలం ఉంది. నేను ఒప్పుకుంటా. కానీ ఒకటి గమనించండి. వేమన పేరుతో దూర్చినవాళ్లు వేమన గొంతు పెట్టి దూర్చారు. ఈ చరణం అలా లేదు. "కవి పోయాడు" అంటోంది. అంటే ఇది కవి మాట కాదు, తర్వాత వచ్చినవాళ్ల మాట అని తనే ఒప్పుకుంటోంది. దొంగతనం చేసినవాడు సంతకం పెట్టి పోడు కదా.

హిమ్‌జో మోస్తార్‌వాడే. చిన్నప్పట్నుంచి ఆ కొంటె పాట వింటూ పెరిగి ఉంటాడు. ఆ అమ్మాయి ముసలిదై పోయిందని తెలిశాక కూడా, రోజూ ఆమెని మల్లె నీడలో పడుచుపిల్లలాగే నిలబెట్టి పాడాలంటే గొంతు పట్టుకోదూ?

వలస_పిట్ట
చరణం చెప్పినావిడ పేరు సెవ్దా అని ఎవరైనా గమనించారా? పేరే పైత్యం.

డా_నిద్రలేమి
@వలస_పిట్ట కవయిత్రి గారి పేరుతో ఆటలొద్దు. (నవ్వానని ఒప్పుకుంటున్నా.)

ముంజకాయ
ఇబ్రిక్ అంటే కూజానా?

చార్మినార్_చాయ్
కొమ్ముచెంబు అన్నా. పొడుగు మెడ, పక్కకు సన్నటి కొమ్ము, మూత, పిడి. చేతుల మీద నీళ్లు పోసుకోవడానికి. మా ఇంట్ల కళాయి పూసిన రాగిది ఒకటి అటక మీద ఉంది, నానమ్మది.

పాతరేడియో
ఆయన చివరి సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెప్తా. 1986 ఆగస్టు 5న మాంటెనెగ్రోలో ప్లావ్ అనే ఊళ్లో గుండెపోటుతో పోయాడు. 59 ఏళ్లు. ఆరేళ్ల తర్వాత యుద్ధం వచ్చింది. 1993 నవంబరు 9న మోస్తార్ పాతవంతెన ఫిరంగి దెబ్బలకి నెరెత్వా నదిలో కూలింది. మళ్లీ కట్టి 2004లో తెరిచారు. ఆయన వీటిలో ఏదీ చూడలేదు. ఇప్పుడు మోస్తార్‌లో ఎమీనాకి ఒక విగ్రహం కూడా ఉంది. సెవ్దాలింకని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

వలస_పిట్ట
మా హోటల్ ముసలాయనకి యునెస్కో సంగతి నేనే చెప్పా. "వాళ్లకి ఇప్పుడు వినబడిందా" అని కప్పులు కడగడానికి వెళ్లిపోయాడు.

గోదారిగట్టు
సరళీస్వరం గారూ, సంతకం మాట ఆలోచించా. దొంగతనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా (నేను అనలేదు, మీరే అన్నారు, అయినా సరే). కానీ నేను పాడుకుంటే కవి ఆపిన చోటే ఆపుతా.

సరళీస్వరం
మీరు పాడతారా!

గోదారిగట్టు
స్నానాల గదిలో.

చార్మినార్_చాయ్
హమామ్ అనుండ్రి మాస్టారూ

ముంజకాయ
అప్‌డేట్. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. ముందు వంటింటి చిమ్నీ ఆపా, తర్వాత డిష్‌వాషర్ ఆపా. నిద్ర రాలేదు. ఒకచోట ఆయన ఊపిరి తీసుకున్నది కూడా వినబడింది, లంచ్ రూములో అది లేనే లేదు.

పొద్దున ఆఫీసులో ఆవిడకి ఇదంతా చెప్పా. కొమ్ముచెంబు, మాయామాళవగౌళ, ఫ్యాన్ కథ అన్నీ. పైత్యం సంగతి మాత్రం దాచా. విని, నలభై పాటల లిస్టు పంపింది. వరుసలోనే వినాలట, ముందూ వెనకా చేయకూడదట. బెల్‌గ్రేడ్ అతను ఆ లిస్టు చూసి నాలుగో పాట తీసేసి వేరేది పెట్టమంటున్నాడు. మళ్లీ మొదలెట్టారు.

లారీడ్రైవర్_కొడుకు
డిష్‌వాషర్ మళ్లీ ఆన్ చేశావా బ్రో?

ముంజకాయ
లేదు. పొద్దున మా ఇంటావిడ చెప్పింది.